వేడి చెయ్యి

ప్రయోంగ్ ఇంట్లో తెల్లవారిందంటే ముందు అట్టముక్కలు తియ్యాలి. మొహం కడుక్కోవడం కూడా ఆ తరవాతే.

ఇంటి వెనక రేకుల పాకలో చెక్కబల్లల మీద వరసగా విస్కీ సీసాలుంటాయి. విస్కీ ఎవరో ఎప్పుడో తాగేశారు. ఇప్పుడు ఒక్కో సీసాలో ఒక్కో పందెం చేప. మగవి పుంజులు, ఆడవి పెట్టలు. పక్క సీసాలో ఇంకో పుంజు కనబడితే చాలు, పుంజు చెంపలు ఉబ్బించి, తోక బారెడు విప్పి, ముక్కు వాచేదాకా గాజుని పొడుస్తుంది. అందుకని సీసాకీ సీసాకీ మధ్య అట్టముక్క అడ్డం పెడతారు. పొద్దున్నే టీనీళ్ళు కాగేంతసేపు ఆ అట్టలు తీస్తారు. పుంజులకి అదే కసరత్తు, అదే పరీక్ష. తోక విప్పిందా, బాగున్నట్టు. విప్పలేదా, దాన్ని పక్కన పెట్టి సంగతేమిటో చూడాలి. నఖోన్ పథోమ్ పట్నం పక్కన ఆ కాలవ వెంట ఉన్న ఇళ్ళన్నిటిలోనూ ఇదే పద్ధతి.

ఏడాదికి ఒక్కరోజు మాత్రం అట్టలు పనికిరావు. ఎండలు ముదిరి మొదటి గట్టి వాన పడ్డ రోజున, గాలి తడిసి బరువెక్కగానే, పుంజులు సీసా మూతుల్లోంచి పైకొచ్చి పాకంతా ఈదుతూ తిరుగుతాయి. వాన తగ్గేదాకా పాక తలుపు తియ్యకూడదు. పిల్లిని గంప కింద మూసెయ్యాలి. ఇంట్లోవాళ్ళు తలో విసనకర్ర పట్టుకుని పుంజుకీ పుంజుకీ మధ్య అడ్డం పెడుతూ నిలబడాలి. వాన వెలిశాక ఎవరి సీసాలోకి అవి దిగిపోతాయి. కిందటేడు వాన ఓ పట్టాన వెలవక ప్రయోంగ్‌కి భుజం పట్టేసింది. ఆ మాట ఆవిడ ఈ ఏడు కూడా చెబుతూనే ఉంది.

ప్రయోంగ్ మొగుడు సుథిన్ పోయి మూడేళ్ళు. ఆయన కష్టపడి తీసిన వంశం ఒకటుంది. పాలతెలుపు ఒళ్ళు, తోకకి కాటుక పెట్టినట్టు నల్లంచు. ఆ వంశంలో ఇప్పుడు ఒక్క పుంజే మిగిలింది. దాని సీసా ఎప్పుడూ మొదటి వరసలో, సుథిన్ ఫొటో కింద ఉంటుంది. ప్రయోంగ్ దాన్ని చూసినంత ప్రేమగా కూతుర్ని కూడా చూడదని కూతురు ఉరై అంటుంది.

ఆ ఉరైని చేసుకుని కిందటి చలికాలం ఖంపూన్ ఆ ఇంటికొచ్చాడు. అక్కడ పెళ్ళయితే అల్లుడు అత్తవారింటికి రావడమే మామూలు కాబట్టి ఇల్లరికం అని ఎవరూ వేళాకోళం చెయ్యరు. ప్రయోంగ్ వేళాకోళానికి వేరే కారణం చూసుకుంది. ఖంపూన్‌ది ఈశాన్యపు మెట్ట ప్రాంతం. అక్కడివాళ్ళు చేపల్ని ఉప్పూ తవుడూ పట్టించి కుండలో ఊరబెట్టి తింటారు.

"చేపని కుండలో పాతరేసే ఊరివాడికి సీసాలో బతికించే పని అప్పజెప్పాను. నా బుద్ధికి ఏం చెప్పాలి?" అనేది.

ఖంపూన్ నవ్వేసేవాడు. "ఆ ఊరబెట్టినదాన్ని మీరే ముందు ఖాళీ చేస్తున్నారుగా అత్తా" అనేవాడు. అది నిజమే. బొప్పాయి తురుములో ఆ ఊరచేప రసం పడందే ఆవిడకి ముద్ద దిగదు.

అతనికి పని నేర్చుకోవాలని ఆశ. నీళ్ళు మార్చడం, కాలవలోంచి దోమపురుగుల్ని గుడ్డతో వడగట్టి తేవడం, పెట్టల్ని ఏరడం, అన్నీ అడిగి అడిగి నేర్చుకున్నాడు. బాదం ఆకు తేవడం మాత్రం మొదటిరోజు నుంచీ అతని వంతే. పండి రాలి ఎండిన బాదం ఆకు సీసాలో వేస్తే నీళ్ళు పల్చటి టీ రంగుకి తిరుగుతాయి. పుంజుకి ఆ నీళ్ళంటే పుట్టిల్లు. దెబ్బ తగిలినా, తోక చిరిగినా, బెంగపెట్టుకున్నా ఆ ఊళ్ళో మొదటి మందు బాదం ఆకే. పాత మూటలో ఆకు అయిపోవస్తోందని ఖంపూన్ కొత్తది వెతికాడు. బడికి వేసవి సెలవులు. ఆవరణలో పెద్ద పెద్ద బాదం చెట్లు, ఊడ్చే దిక్కులేక రాలిన ఆకు కుప్పలు. సాయంత్రం పూట గోనెసంచి పట్టుకుపోయి మంచి మంచివి ఏరుకొచ్చేవాడు. అరచెయ్యంత వెడల్పున ఎర్రమట్టి రంగులో ఉన్న ఆ ఆకుల్ని చూసి ప్రయోంగ్ కూడా మొదటిసారి మెచ్చుకుంది. "ఇన్నాళ్ళకి ఒక మంచిపని చేశావు" అంది.

ఆ వారంలోనే ఒక పొద్దున ఉరై అట్టలు తీసి, టీ సంగతి మర్చిపోయి నిలబడిపోయింది.

"అమ్మా, ఇటు రా. రెండో వరసలో ఒక్కటీ తోక విప్పలేదు."

పుంజులు తోకలు ముడుచుకుని, తడిసిన గొడుగుల్లా ఉన్నాయి. కొన్ని సీసా అడుగున ఒరిగి పడుకున్నాయి. కొన్ని పైన మూతి దగ్గర నోరు తెరిచి మూస్తున్నాయి. వెంటనే నీళ్ళు మార్చారు, చిటికెడు ఉప్పు కలిపారు, కొత్త ఆకు వేశారు. మర్నాటికి ఇంకాస్త ముడుచుకున్నాయి. రెండాకులు వేశారు. సాయంత్రానికి రెండు పుంజులు చచ్చిపోయాయి.

పక్కింటి సంగువన్ తాతని పిలిచారు. ఆ కాలవ వెంట చేపకి సుస్తీ చేస్తే అందరూ ఆయన్నే పిలుస్తారు. ఆయన పాక కిటికీలకి గోనెలు కట్టించి చీకటి చేసి, టార్చి ఏటవాలుగా వేసి ఒక్కో సీసా చూశాడు.

"ఒంటిమీద బంగారప్పొడి చల్లినట్టు మెరిస్తే అదో జబ్బు. అది లేదు. ఉప్పురవ్వల్లా తెల్లచుక్కలు కనబడితే ఇంకోటి. అదీ లేదు. పొట్ట ఉబ్బి పొలుసులు లేచి నిలబడితే ఇక ఆశ వదులుకోవాల్సిందే. అదీ లేదు. తోక చివర కుళ్ళలేదు." టార్చి ఆర్పి తల గోక్కున్నాడు. "చెంపలు మాత్రం తెగ కొట్టుకుంటున్నాయి. ఊపిరాడనట్టు. ఏం జబ్బో నాకు అంతుపట్టటం లేదు ప్రయోంగూ."

"నువ్వే అలా అంటే ఎట్లా తాతా?"

"అంతుపట్టనప్పుడు తెలిసిందే చెయ్యాలి. నీళ్ళు మార్చు. ఆకు ఇంకాస్త చిక్కగా వెయ్యి."

అలాగే చేశారు. రెండో వరస నుంచి జబ్బు మూడో వరసకీ, మొదటి వరసకీ పోయింది. చివరి వరస ఒక్కటే కులాసాగా ఉంది. ఆ వరసలో నీళ్ళు మార్చడానికి ఇంకా ఎవరి చెయ్యీ పోలేదు. సుథిన్ ఫొటో కింద నల్లంచు పుంజు కూడా తోక ముడిచిన రోజున ప్రయోంగ్ అన్నం ముందు కూర్చుని తినకుండా లేచిపోయింది.

ఆ ఊళ్ళో చేతులు రెండు రకాలంటారు. చల్లటి చెయ్యి నాటిన మొక్క బతుకుతుంది, పెంచిన ప్రాణి పెరుగుతుంది. వేడి చెయ్యి తగిలితే వాడిపోతుంది. సుథిన్‌ది మంచులాంటి చెయ్యని పేరు. ప్రయోంగ్ అల్లుణ్ణి పిలిచి అతని చెయ్యి పట్టుకు చూసింది. ఎండలో గోనె మోసుకొచ్చిన చెయ్యి, కాలుతోంది.

"అదీ సంగతి. నీది వేడి చెయ్యయ్యా" అంది.

"అమ్మా!" అంది ఉరై.

"నువ్వు ఊరుకో. ఇతను రాకముందు ఒక్క పుంజు ఇలా పోయిందా? ఏమయ్యా, నేను తిట్టటం లేదు. దేవుడు ఇచ్చిన చెయ్యి, నువ్వేం చేస్తావు? ఈ రోజు నుంచీ సీసాలు ముట్టుకోకు."

ఖంపూన్ ఆ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సీసాలు ముట్టుకోవడం మానేశాడు. ముట్టుకోకుండా చెయ్యగలిగింది ఒక్కటే మిగిలింది కనక, రోజూ ఆకు మాత్రం ఇంకా ఎక్కువ తెచ్చి పెట్టేవాడు. కడిగి ఆరబెట్టి, నల్లంచు పుంజుకని అన్నిటికన్నా పెద్దవి విడిగా తీసి ఉంచేవాడు. ప్రయోంగ్ వాటిని తన చేత్తోనే సీసాలో వేసేది. అయినా పుంజులు చస్తూనే ఉన్నాయి.

"చెయ్యి తగలకపోతే ఏం, ఊపిరి తగులుతోంది" అంది ప్రయోంగ్.

"అయితే ఊపిరి కూడా మానెయ్యమను" అని ఉరై విసురుగా లేచి పోయింది.

రెండురోజులకి ఖంపూన్ సంచి సర్దుకున్నాడు. "వానలు పడేట్టున్నాయి. నాన్న ఒక్కడే. నాట్లకి పోయొస్తా" అన్నాడు.

నాట్లు ఎప్పుడవుతాయని ఎవరూ అడగలేదు. నాట్లకని వెళ్ళే మనిషి చలికోటు సర్దుకోడని ఉరైకి తెలుసు.

"నేనూ వస్తా బావా."

"నువ్వొస్తే ఈ సీసాలు ఎవరు చూస్తారు? మీ అమ్మ భుజం సంగతి తెలుసుగా."

"సీసాలా! ఇంకా సీసాలేనా నీకు?"

"పాపం, వాటిదేం తప్పు?" అన్నాడు ఖంపూన్.

మధ్యాహ్నం బస్సు. కాలవ వంతెన దగ్గర ఆగుతుంది. సంచి భుజాన వేసుకుని, చివరిసారిగా గుమ్మంలోంచే చూసిపోదామని పాక దగ్గరికి వచ్చాడు. లోపల సంగువన్ తాత టార్చితో నల్లంచు పుంజుని చూస్తున్నాడు. అది అడుగున పక్కకి ఒరిగిపోయి, చెంపలు మాత్రం ఆడిస్తోంది. ప్రయోంగ్ ఆ సీసా ముందు పీట వేసుకుని కూర్చుంది.

అప్పుడే రేకుల మీద టపటపమని నాలుగు చుక్కలు పడ్డాయి. వెనకాలే గుండిగలతో కుమ్మరించినట్టు వాన దిగింది.

"తలుపు! తలుపు!" అని అరిచింది ప్రయోంగ్. "ఎవరైనా సరే, లోపలికి రండి, తలుపు ముయ్యండి! ఉరై, పిల్లి ఎక్కడే?"

ఉరై పిల్లిని గంప కింద మూసి, మొగుణ్ణి చెయ్యి పట్టి లోపలికి లాగి, తలుపు గడియ వేసింది. తలో విసనకర్ర అందుకున్నారు. ఖంపూన్ అందుకోబోయి ఆగాడు. ప్రయోంగ్ చూసింది. "నువ్వు ఆ మూల నిలబడు" అంది.

జబ్బు చేప వానకి పైకి రాదు. అది అందరికీ తెలిసిన సంగతే. ఏవి పైకి రావో అవి ఇక లెక్కలోంచి పోయినట్టే. అందుకని ప్రయోంగ్ కళ్ళు మూసుకుంది.

"కళ్ళు తెరువు ప్రయోంగూ" అన్నాడు సంగువన్ తాత.

ముందు చివరి వరస పుంజులు లేచాయి, ఎర్రవీ నీలివీ. వాటి వెనక మూడో వరస. తరవాత రెండోది, మొదటిది. అడుగున ఒరిగిపడి ఉన్నవి కూడా ఒళ్ళు విదిలించుకుని, సీసా మెడల్లోంచి ఒక్కొక్కటే జారి పైకొచ్చాయి. గాలిలోకి రాగానే వాటి తోకలు విచ్చుకున్నాయి. ఎన్నాళ్ళుగానో ముడుచుకుని ఉన్నవి, ఇప్పుడే నేసి ఆరేసిన పట్టుబట్టల్లా రెపరెపలాడాయి. చివరికి నల్లంచు పుంజు కూడా లేచింది. సుథిన్ ఫొటో ముందు ఒక చుట్టు తిరిగి, చెంపలు ఉబ్బించి, తాత చెవి పక్కన పోతున్న ఎర్రపుంజు మీదికి దూకింది.

"అడ్డం పెట్టండే!" అని తాత విసనకర్ర ఝళిపించాడు. కోపంగా అరిచినా మొహమంతా నవ్వే. "ఇంత పొగరున్నదానికి జబ్బేమిటి? దీనికి ఏ రోగమూ లేదు!"

పాకంతా గోలగోలైపోయింది. ఉరై బల్ల ఎక్కింది. ప్రయోంగ్ భుజం నొప్పి మర్చిపోయి రెండు చేతులా విసురుతోంది. ఖంపూన్ మూల నిలబడి, ఎవరికీ తగలకూడదని చేతులు రెండూ దగ్గరికి తెచ్చుకుని దోసిలి పట్టుకున్నాడు. రేకుల చిల్లులోంచి కారిన వాననీళ్ళు అందులో చేరాయి.

నల్లంచు పుంజు అటూ ఇటూ తిరిగి తిరిగి ఆ దోసిలి దగ్గరికి వచ్చింది. వంగి చూసింది. దిగింది. నోట్లోకి గాలి పట్టి ఒక బుడగ వదిలింది, దాని పక్కన ఇంకోటి. పుంజుకి మనసు కుదిరిన చోట గూడు కడుతుంది. సరిగ్గా ఆ పనే మొదలుపెట్టింది.

"అత్తా" అన్నాడు ఖంపూన్, పెదవులు కదిలీ కదలకుండా. "ఇది గూడు కడుతోంది."

"కదలకు!" అని ముగ్గురూ ఒక్కసారే అన్నారు.

కాసేపటికి వాన వెలిసింది. చివరి వరస పుంజులు బుద్ధిగా ఎవరి సీసాలోకి అవి దిగిపోయాయి. మిగతావి మాత్రం సీసా మూతిదాకా వెళ్ళి, ముక్కు పెట్టి చూసి, వెనక్కి తిరిగాయి. మళ్ళీ వెళ్ళాయి, మళ్ళీ తిరిగాయి. ఎండ వస్తోంది. గాలి ఆరిపోతే ఎక్కడివక్కడ రాలిపోతాయి.

"నీళ్ళు నచ్చటం లేదు వాటికి. మార్చండి, తొందరగా!" అన్నాడు తాత.

చూరు కింద గోళేల నిండా కొత్త వాననీళ్ళున్నాయి. ఉరై సీసాలు వంచి కడిగింది, తాత నీళ్ళు పోశాడు, ప్రయోంగ్ అలవాటు చొప్పున ఒక్కోదాంట్లో ఒక్కో బాదం ఆకు వేసుకుంటూ వచ్చింది. పుంజులు వచ్చి ముక్కు పెట్టి చూశాయి. వెనక్కి తిరిగాయి. ఒకటి అప్పుడే బరువెక్కి బల్ల మీదికి జారుతోంది.

ఉరై కడిగి, తాత నీళ్ళు పోసిన సీసా ఒకటి వెనక ఉండిపోయింది. దాంట్లో ప్రయోంగ్ ఇంకా ఆకు వెయ్యలేదు. జారుతున్న పుంజు ఎలాగో ఈదుకుంటూ పోయి దాంట్లో పడింది, మరుక్షణం తోక విప్పింది.

ప్రయోంగ్ చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది. ఆకు వంక చూసింది. సంగువన్ తాత దాన్ని లాక్కుని, సగానికి విరిచి వాసన చూశాడు. నాలిక చివర తగిలించి ఉమ్మేశాడు.

"కిరసనాయిలు కంపు. ఎక్కడిదిది?"

"బడి ఆవరణలోది తాతా. కడిగే ఆరబెట్టాను" అన్నాడు ఖంపూన్, దోసిలి కదలకుండా.

"అయ్యో!" అని ఉరై నెత్తి కొట్టుకుంది. "పిల్లలకి జ్వరాలొస్తున్నాయని సెలవుల మొదటి నుంచీ బడి దగ్గర దోమల పొగ కొడుతున్నారు! ఆ నూనె మందంతా ఆకుల మీదే కదా పడేది. అది కడిగితే పోతుందా?"

"పుంజు ముడుచుకుపోయిందని ఆకు వేశాం" అన్నాడు తాత నెమ్మదిగా. "ఇంకా ముడుచుకుపోయిందని ఇంకా వేశాం. నేనే చెప్పాను, చిక్కగా వెయ్యమని."

"వేసింది నేను" అంది ప్రయోంగ్. ఆ తరవాత మాటలకి తీరిక లేదు. వేసిన ఆకులన్నీ తీసిపారేసి, సీసాలు మళ్ళీ కడిగి, ఉత్త వాననీళ్ళు పోశారు. ఆకు లేదు, ఉప్పు లేదు. పుంజులు ఒక్కొక్కటే దిగాయి. దిగినవి దిగినట్టే పక్క సీసాలోదాన్ని చూసి రెచ్చిపోయాయి. ఉరై నవ్వుతూ, ముక్కు ఎగబీలుస్తూ, మధ్యలో అట్టలు పెట్టుకుంటూ పోయింది.

నల్లంచు పుంజు మాత్రం ఖంపూన్ దోసిలి వదల్లేదు. బుడగ మీద బుడగ పేరుస్తూనే ఉంది.

"దాన్ని ఇప్పుడే నీళ్ళలో ముంచితే గూడు చెదిరిపోతుంది. నురుగు గట్టిపడనియ్యండి. సాయంత్రం చూద్దాం" అన్నాడు తాత.

వంతెన దగ్గర బస్సు హారన్ కొట్టింది. ఖంపూన్ అటు తల తిప్పాడు. బస్సు ఇంకోసారి హారన్ కొట్టి, కాసేపు ఆగి, వెళ్ళిపోయింది. అతను దోసిలి అలాగే పట్టుకుని మెల్లిగా పీట మీద కూర్చున్నాడు. సంచి భుజం మీంచి జారి మోచేతి దగ్గర వేలాడుతోంది. ప్రయోంగ్ వచ్చి దాన్ని మెల్లిగా తప్పించి, సుథిన్ ఫొటో పక్కన మేకుకి తగిలించింది.

తరవాత ఇంట్లోకి వెళ్ళి, వెదురుబుట్టలో జిగురన్నం, బొప్పాయి తురుము పచ్చడి తెచ్చింది. అల్లుడి ఎదురుగా చతికిలబడి, అన్నం చిన్న ముద్ద చేసి, ఊరచేప రసంలో అద్ది, నోటి దగ్గర పెట్టింది.

"నేను తింటాలే అత్తా, తరవాత..."

"ఏ చేత్తో తింటావు? నోరు తెరువు."

తెరిచాడు. తాత గుమ్మంలో కూర్చుని బీడీ కాలుస్తూ చూస్తున్నాడు. "ప్రయోంగూ, నాకు రేపు భుజం నొప్పిట. నాకూ ఇలాగే పెడతావా?"

"నీ దోసిట్లో ఏ చేపా గూడు కట్టదులే. తాగుబోతు కంపు."

ఉరై నవ్వు ఆపుకోలేక బల్లకి చేరగిలబడింది. ఖంపూన్‌కి నవ్వొచ్చి దోసిలి కాస్త వణికింది. అందరూ ఊపిరి బిగపట్టారు. పుంజు తల ఎత్తి అతని వంక చిరాగ్గా చూసి, మళ్ళీ పనిలో పడింది.

ఎండ వాలాక, తాత చెప్పినట్టు, వెడల్పాటి గాజు తొట్టిలో వాననీళ్ళు పోసి బల్ల మీద పెట్టారు. ఖంపూన్ దోసిలి అలాగే నీళ్ళలోకి దింపాడు. గూడు చెదరకుండా పైకి తేలింది. పుంజు దాని కిందకి చేరి తోక విప్పింది. నల్లంచు నీళ్ళంతటా పరుచుకుంది.

"దీనికి ఓ పెట్టని చూడాలి. వంశం నిలబడుతుంది" అన్నాడు తాత.

"చూడాలి" అంది ప్రయోంగ్. అని, నీళ్ళలోంచి అప్పుడే తీసిన అల్లుడి చేతిని పట్టుకుంది. వేళ్ళు ముడతలు పడి ఉన్నాయి. కాసేపు అలాగే పట్టుకుని చూసింది.

"చూశారా అత్తా, ఇంకా వేడిగానే ఉందా?" అన్నాడు ఖంపూన్. నవ్వుతూనే అన్నాడు గానీ గొంతు పూర్తిగా నవ్వలేదు.

"ఆఁ, వేడిగానే ఉంది" అంది ప్రయోంగ్. చీర కొంగు లేని మనిషి కనక, నడుముకి చుట్టుకున్న గళ్ళబట్ట చివరతో ఆ చేతిని తుడిచింది. "గుడ్లు పిల్లలవ్వాలంటే ఆ మాత్రం వేడి ఉండాలి. రేప్పొద్దున అట్టలు నువ్వే తియ్యి."